మిగలపండిన పండ్లు: ఎందాకా తినొచ్చు, ఎప్పుడు పారేయాలి?

అడిగేవాడు:
మా ఇంట్లో దీని మీద ఎప్పుడూ గొడవే. అరటిపండు తొక్క నల్లబడితే ఒకరు పారేద్దామంటారు, ఇంకొకరు లోపల బాగానే ఉందిగా అంటారు. యాపిల్‌కి ఒక పక్క బూజు పడితే అంతవరకు కోసేసి మిగతాది తినేస్తారు. ఇందులో ఏది సరైన పని?

పొదుపరి:
పారేయడమే తప్పు. తొక్క మీద మచ్చలొచ్చిన అరటిపండే తియ్యగా ఉంటుంది. బూజు ఉన్నచోట కోసేస్తే చాలు. అందరూ చేసేది అదే, ఎవరికీ ఏమీ కాలేదు.

సూక్ష్మదర్శిని:
పొదుపరి గారూ, మీరు రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. అరటిపండు సంగతి ఒప్పుకుంటాను. మగ్గేటప్పుడు పండులో ఇథిలీన్ అనే వాయువు పుడుతుంది. దాంతో పిండిపదార్థం చక్కెర అవుతుంది, కణాలను పట్టి ఉంచే పెక్టిన్ విడిపోయి పండు మెత్తబడుతుంది. ఇదంతా పండు తనంతట తాను చేసుకునే పని, ఇందులో విషమేమీ లేదు.

బూజు అలా కాదు, బయటినుంచి వచ్చి పండును తినే జీవి. పైన కనిపించేది కొంతే. దాని పోగులు మెత్తటి పండులో ఎంత లోతుకు దిగాయో కంటికి తెలియదు. యాపిల్‌ను పట్టే పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్ అనే బూజు పాట్యులిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. యాపిల్ రసంలో అది కిలోకు 50 మైక్రోగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు చూసే కోడెక్స్ పరిమితి పెట్టింది. ఉడికిస్తే పోతుందిలే అనుకోకండి, మామూలు వంట వేడికి అది పూర్తిగా పోదు. ఒక్క ముక్క తింటే మంచాన పడతారని నేను అనను. అలాగని ఎవరికీ ఏమీ కాలేదన్నది రుజువూ కాదు.

పొదుపరి:
క్యారెట్ లాంటి గట్టివాటికి బూజు చుట్టూ, కిందా 2.5 సెంటీమీటర్ల మేర కోసేసి వాడుకోవచ్చని అమెరికా వ్యవసాయ శాఖే చెబుతోంది కదండీ? యాపిల్ కూడా గట్టిదే.

సూక్ష్మదర్శిని:
అదే శాఖ పీచ్, టమాటా లాంటి మెత్తటివాటిని మొత్తం పారేయమంటుంది. గట్టి యాపిల్ మీద చిన్న మచ్చయితే మీ మాటలో బలం ఉంది, ఎందుకంటే విషం ఎక్కువగా కుళ్ళిన చోటే ఉంటుంది. పిసినారితనం లేకుండా లోతుగా కోసేయండి. నీరు కారుతున్నదాన్ని మాత్రం వదిలేయండి.

తీపిరాయుడు:
బూజు గొడవ మీరిద్దరూ తేల్చుకోండి. నా ఫిర్యాదు వేరే. మిగలపండినవన్నీ జామ్ చేసేయమని ప్రతివాళ్ళూ సలహా ఇస్తారు. జామ్ గడ్డకట్టాలంటే పెక్టిన్, పులుపు కావాలి. బాగా మగ్గిన పండులో రెండూ తగ్గిపోయి ఉంటాయి. నిమ్మరసం, కొన్ని దోరపండ్లు కలపకపోతే చివరికి మిగిలేది పాకమే. అంతకంటే అరటిపండ్లు తొక్క తీసి, ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం నయం. స్మూతీకైనా కేకుకైనా పనికొస్తాయి. తొక్కతో పెట్టారో, తర్వాత ఒలుచుకోలేక తిప్పలు పడతారు.

మట్టిమనిషి:
నాలుగు పండ్ల కోసం బోలెడు చక్కెర, గంటసేపు గ్యాసు! దీన్ని పొదుపంటారా? కంపోస్టులో వేయండి. చెత్తగుట్టల అడుగున గాలాడక కుళ్ళితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది, కంపోస్టుకు గాలి తగిలితే ఆ బెడద చాలావరకు తప్పుతుంది. పండ్లలో తడి ఎక్కువ కాబట్టి ఎండుటాకులు బాగా కలపాలి, పైన కప్పాలి. లేకపోతే ఈగలు ముసురుతాయి.

పొదుపరి:
తినగలిగినదాన్ని మట్టిలో కలిపితే, దాన్ని పండించడానికి పెట్టిన నీళ్ళూ కష్టమూ ఏమైనట్టు? కంపోస్టు ఆఖరి మాట కావాలి గానీ మొదటి మాట కాదు.

అడిగేవాడు:
మరి బూజు లేదు గానీ సారా వాసన వస్తుంటే?

సూక్ష్మదర్శిని:
ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తోందన్నమాట. వాసన లీలగా ఉండి, రుచి బాగుంటే వంటలో వాడేయొచ్చు. ఘాటుగా ఉండి నురగ వస్తుంటే తినొద్దు, పిల్లలకు అసలే వద్దు. వెనిగర్ చేసుకోవచ్చు గానీ ఇంట్లో చేసినదాని ఆమ్లం ఎంతో కొలవకుండా నిల్వ పచ్చళ్ళలో పోయకండి. లేదంటే మట్టిమనిషి గారి గుంతలోకే.

మట్టిమనిషి:
గుంతలో చోటుంది, పంపించండి. ప్లాస్టిక్ స్టిక్కర్లు మాత్రం పీకేసి పంపండి, అవి కుళ్ళవు.