మొదలుపెట్టిన పని చెదిరిపోతోంది: ముందే రాసుకునేవాళ్లు కాగితం మీద అసలు ఏం రాస్తారు?

ప్రశ్న

నమస్తే అండి. పగలు నాది అకౌంట్స్ ఉద్యోగం. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో ఎక్సెల్ నేర్పే వీడియోలు చేస్తున్నాను. కంప్యూటర్ అంటేనే టెన్షన్ పడేవాళ్ల కోసం. నా పక్క సీటులో పనిచేసే ఆవిడ ఒక వరుస అంకెల్ని కాలిక్యులేటర్‌లో కూడి, వచ్చిన మొత్తాన్ని చూసి షీట్‌లో టైప్ చేయడం గమనించాక ఈ ఆలోచన వచ్చింది. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాలి, అంతే నా కోరిక. మొత్తం 12 పాఠాలు అనుకున్నాను.

నాలుగు నెలలైంది. ఐదు పాఠాలు సగం సగం అయి ఉన్నాయి. పూర్తయింది ఒక్కటీ లేదు.

ఎలా జరుగుతోందో చెబుతాను. మొన్న నాలుగో పాఠం రికార్డు చేద్దామని కూర్చున్నాను. ఫార్ములాల గురించి మొదలుపెట్టగానే, సెల్‌కి, అంటే షీట్‌లో ఒక గడికి, పేరు పెట్టుకోవచ్చన్న సంగతి కూడా చెబితే బాగుంటుంది కదా అనిపించింది. దానికోసం ఇంకో షీట్ తయారు చేశాను. ఆ షీట్ చూస్తే వీలుకప్ (పట్టికలో ఒకదాన్ని వెతికి, దాని పక్కనున్న వివరం తెచ్చిచ్చే ఫార్ములా) చెప్పడానికి బాగా పనికొస్తుందనిపించింది. వీలుకప్ చెప్పి, అదే పని చేసే కొత్త ఫార్ములా ఎక్స్‌లుకప్ చెప్పకపోతే ఎలా? కానీ ఎక్సెల్ 2019లోనూ, అంతకు ముందువాటిలోనూ ఎక్స్‌లుకప్ ఉండదు, వాళ్లకి విడిగా చెప్పాలి. రాత్రి పదకొండున్నరకి చూసుకుంటే నాలుగో పాఠం మొదటి నిమిషం దగ్గరే ఉంది. మూడు కొత్త షీట్లు మాత్రం తయారయ్యాయి.

ప్లాన్ లేక కాదు. నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను: 1. పరిచయం, 2. సెల్స్, 3. కూడికలు, 4. ఫార్ములాలు, 5. సార్టింగ్... ఇలా పన్నెండూ. ఆ పేజీ ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పనిలో కూర్చున్నాక మాత్రం అది నాకేమీ చెప్పడం లేదు.

ముందుగా రాసుకుంటే ధ్యాస నిలుస్తుందని అందరూ అంటారు. రాసుకునేవాళ్లు నిజంగా ఏం రాస్తారు? ఎంత వివరంగా రాస్తారు? మీ కాగితం ఎలా ఉంటుందో చెప్పగలరా?

మొదటి జవాబు

మీ పేజీ మీకేమీ చెప్పడం లేదన్నారు చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. అందులో ఉన్నవన్నీ పేర్లు. 'ఫార్ములాలు' అన్న మాటకి హద్దు లేదు. సెల్ పేర్లూ అందులోకే వస్తాయి, వీలుకప్పూ అందులోకే వస్తుంది. ఆ రాత్రి మీరు దారి తప్పారని నేను అనుకోను. ఆ మాట ఎక్కడెక్కడికి తీసుకెళ్లిందో అక్కడికల్లా వెళ్లారు, అంతే.

నేను 14 ఏళ్లుగా యంత్రాలకు యూజర్ మాన్యువల్స్ రాస్తున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాగితాలు కత్తిరించే ఒక మెషీన్‌కి మాన్యువల్ రాయమన్నారు. విషయం బాగా తెలుసన్న ధైర్యంతో, తోచిన చోట మొదలుపెట్టి 60 పేజీలు రాసేశాను. బ్లేడు మార్చే పద్ధతి 22వ పేజీలో వచ్చింది. బ్లేడు ముట్టుకునే ముందు కరెంటు ప్లగ్ తీసేయాలన్న హెచ్చరిక 41వ పేజీలో వచ్చింది. చదివి చూడమని ఇస్తే, ఆ మెషీన్ మీద పనిచేసే టెక్నీషియన్ ఆ రెండు పేజీలూ విడదీసి నా బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒక్క మాట అనలేదు. నా గుండె జారిపోయింది. అప్పటి నుంచి అవుట్‌లైన్ లేకుండా ఒక్క పేజీ కూడా మొదలుపెట్టలేదు.

నా కాగితం ఇలా ఉంటుంది. ఏ4 కాగితాన్ని నిలువుగా మడుస్తాను. ఎడమవైపు మూడింట రెండు వంతులు, కుడివైపు ఒక వంతు. పెన్సిల్‌తోనే రాస్తాను. అన్నిటికన్నా పైన ఒకే ఒక్క వాక్యం: ఇది చదివినవాళ్లు చివరికి ఏం చేయగలగాలి? 'బ్లేడు మార్పిడి' అని రాస్తే అది మళ్లీ పేరే అవుతుంది. 'కొత్తగా వచ్చిన ఆపరేటర్ ఎవర్నీ అడక్కుండా, చేయి తెగకుండా బ్లేడు మార్చగలగాలి' అని రాస్తాను. ఇక ఏది ఉండాలో, ఏది అక్కర్లేదో ఆ వాక్యమే తేల్చేస్తుంది. బ్లేడు ఏ రకం ఉక్కుతో చేశారో నాకు తెలుసు. రాయాలని మనసు లాగుతుంది కూడా. కానీ ఆ వాక్యానికి ఉక్కుతో పని లేదు.

మీ నాలుగో పాఠానికి నేనైతే పైన ఇలా రాస్తాను: 'చూసినవాళ్లు ఒక ఫార్ములాని కిందకి లాగి, లెక్క తప్పకుండా చూసుకోగలగాలి.' దాని కింద ఎడమవైపు:

ఏ3 నుంచి ఏ7 దాకా ఐదు వస్తువుల ధరలు. పన్ను శాతం ఒక్కటే, బి1లో. బి2 ఖాళీగా వదలాలి.
బి3లో ఏ3ని బి1తో గుణించాలి. జవాబు సరిగ్గా వస్తుంది.
దాన్ని బి7 దాకా లాగాలి. బి4లో సున్నా పడుతుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.
బి4 మీద రెండుసార్లు క్లిక్ చేసి చూపించాలి: బి1 కాస్తా బి2 అయిపోయింది.
మళ్లీ బి3కి వెళ్లి, ఫార్ములాలో బి1 మీద కర్సర్ పెట్టి ఎఫ్4 నొక్కాలి. డాలర్ గుర్తులు వస్తాయి, అవి ఉంటే లాగినా బి1 మారదు. మళ్లీ లాగితే ఐదూ సరిపోతాయి.
చివరగా బి1లో శాతం మార్చమనాలి, ఐదు జవాబులూ ఒకేసారి మారడం వాళ్లే చూడాలి.

అంతే, ఆరు వరుసలు. మూడో వరుసలో 'ఒక్క క్షణం ఆగాలి' అని రాశాను చూడండి, పాఠానికి ప్రాణం అక్కడుంది. ఆ సున్నా చూసి మీ పక్క సీటు ఆవిడ 'అయ్యో, ఇదేంటి' అనుకోవాలి. అవుట్‌లైన్‌లో రాసుకోకపోతే రికార్డింగ్ హడావుడిలో మనం అక్కడ ఆగకుండా పరిగెత్తేస్తాం.

ఇక కుడివైపు వంతు. దానికి పైన 'ఇప్పుడు కాదు' అని రాస్తాను. సెల్ పేర్లు, వీలుకప్, ఎక్స్‌లుకప్, ఏది గుర్తొస్తే అది రెండు మాటల్లో అక్కడ పడేసి మళ్లీ ఎడమవైపుకి వచ్చేయడమే. మంచి ఆలోచన పోతుందేమోనన్న భయంతోనే మనం దాని వెంట పడతాం. అది కాగితం మీద భద్రంగా ఉందని తెలిస్తే ఆ భయం ఉండదు.

ఇంకొక్క మాట. పని ఆపి లేచేముందు, రేపు కూర్చోగానే చేయాల్సిన మొదటి పని కాగితం అడుగున రాస్తాను. 'నాలుగో పాఠం కొనసాగించాలి' అని కాదు. 'బి4 మీద రెండుసార్లు క్లిక్ చేసే ముక్క రికార్డు చేయాలి' అని. రాత్రి అలసిపోయి కూర్చున్న మనిషికి ఆలోచించే ఓపిక ఉండదు. కానీ ఒక సెల్ మీద రెండుసార్లు క్లిక్ చేసే ఓపిక ఉంటుంది.

రెండో జవాబు

పైన చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త చెప్పాలి.

నేను సాఫ్ట్‌వేర్ రాస్తాను. సొంతంగా ఒక చిన్న అప్లికేషన్ చేద్దామని కూర్చున్నప్పుడు అవుట్‌లైన్ మీదే మూడు వారాలు గడిపాను. శీర్షికలు, ఉపశీర్షికలు, వాటికింద ఇంకో మెట్టు. చూడ్డానికి ఎంతో తృప్తిగా ఉండేది. కోడ్ ఒక్క వరుస లేదు. చివరికి రాయడం మొదలుపెట్టాక రెండో రోజే తెలిసింది, నేను అనుకున్న పద్ధతిలో డేటా దాచడం కుదరదని. ఆ అవుట్‌లైన్‌లో సగానికి పైగా కొట్టేయాల్సి వచ్చింది. ఆ మూడు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకని నా సలహా ఏమిటంటే, పన్నెండు పాఠాలకీ ఆరేసి వరుసలు ఇప్పుడే రాయకండి. పన్నెండుకీ పైన ఉండే ఒక్కో వాక్యం రాయండి, గంటకన్నా ఎక్కువ పట్టదు. వివరమైన అవుట్‌లైన్ మాత్రం ఒక్క పాఠానికే రాయండి. ఆ పాఠాన్ని ఎడిటింగ్‌తో సహా పూర్తిగా ముగించి, ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. తర్వాతే రెండోది.

గంటలు ఎందుకంటే, సొంత పనికి ఎంత టైమ్ పడుతుందో మనం ఊహించుకునేది దాదాపు ఎప్పుడూ తక్కువే. రోజర్ బ్యూలర్, మరో ఇద్దరు పరిశోధకులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. ఏదీ కలిసిరాకపోతే ఎంత పడుతుందని అడిగితే 48.6 అన్నారు. నిజంగా పట్టింది 55.5 రోజులు. వాళ్లు ఊహించుకున్న గడ్డు పరిస్థితికన్నా కూడా ఎక్కువ. మీ మొదటి పాఠానికి పట్టిన గంటలే మిగతా పాఠాలకు సరైన కొలత. మనసులో అనుకున్న గంటలు కాదు.

మూడో జవాబు

మనస్తత్వశాస్త్రం బోధిస్తుంటాను కాబట్టి 'ఇప్పుడు కాదు' గురించి ఒక మాట. పూర్తికాని పనులు వేరే పని మధ్యలో మనసులోకి చొరబడతాయి కదా. మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఆ పనిని పూర్తి చేయకపోయినా, ఎలా చేస్తారో స్పష్టంగా ప్లాన్ వేసుకున్నవాళ్లకి ఆ చొరబాటు తగ్గింది. ఇక్కడ గమనించాల్సింది 'స్పష్టంగా' అన్న మాట. 'వీలుకప్' అని మాత్రమే రాస్తే మనసు పూర్తిగా ఒప్పుకోకపోవచ్చు. 'వీలుకప్, తొమ్మిదో పాఠంలో, జీతాల పట్టికతో' అని రాసి చూడండి, తేడా తెలుస్తుంది.

నా విద్యార్థులకి నేను చెప్పేది ఇంకొకటి: ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా ఆ కాగితం మీదే ఉండాలి. 'భోజనమై బల్ల శుభ్రం చేయగానే లాప్‌టాప్ తెరుస్తాను' అన్నట్టు, ఒక పని అవ్వగానే ఇంకోటి. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ఈ 'ఇది జరిగితే అది చేస్తాను' పద్ధతి మీద చాలా ఏళ్లు పనిచేశారు, 1999లో ఆయన రాసిన వ్యాసం ఈ విషయంలో అందరూ చూసేదే.

అడిగినవారి మాట (మూడు వారాల తర్వాత)

అందరికీ ధన్యవాదాలు. చేసి చూసి రాద్దామని ఇన్నాళ్లు ఆగాను.

ముందు పన్నెండు పాఠాలకీ పై వాక్యాలు రాయడానికి కూర్చున్నాను. నాలుగింటికి వాక్యమే రాలేదు. 'పరిచయం' చూసినవాళ్లు ఏం చేయగలగాలి? ఎంత ఆలోచించినా క్రియ దొరకలేదు. తీసేశాను. 'సెల్స్' అన్న పాఠం 'కూడికలు'లో కలిసిపోయింది, ఎందుకంటే కూడాలంటే సెల్ తెలియాల్సిందే. ఇప్పుడు మొత్తం ఎనిమిది పాఠాలు. నాలుగు నెలలుగా నేను మోస్తున్న బరువులో మూడో వంతు అసలు అక్కర్లేనిదే.

మొదటి పాఠానికి పై వాక్యం ఇది: 'కాలిక్యులేటర్ ముట్టుకోకుండా పది అంకెలు కూడగలగాలి, ఒక అంకె మారిస్తే మొత్తం దానంతట అదే మారడం చూడాలి.' అది పూర్తయింది. ఎడిటింగ్‌తో కలిపి తొమ్మిది గంటలు పట్టింది. నేను నాలుగు అనుకున్నాను. మన డాలర్ గుర్తు పాఠం రెండోది, అదీ నిన్న ముగిసింది, ఏడున్నర గంటలు. మొదటి పాఠం పక్క సీటు ఆవిడకి చూపించాను. చూసి, ఏమీ మాట్లాడకుండా తన షీట్ తెరిచి, మొత్తం ఉన్న సెల్‌లో అంకె తీసేసి సమ్ ఫార్ములా పెట్టుకుంది. కాలిక్యులేటర్ సొరుగులో పెట్టేసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కుడివైపు వంతులో ఇప్పటికి 31 వరుసలు చేరాయి. వాటిలో రెండు మాత్రమే ఎడమవైపుకి వచ్చాయి.

ఒక చిక్కు మిగిలింది. రెండో పాఠం రికార్డు చేస్తుంటే మధ్యలో అనిపించింది, ఎఫ్4 కన్నా ముందు డాలర్ గుర్తుని చేత్తో టైప్ చేసి చూపిస్తే అది ఎక్కడ కూర్చుంటుందో బాగా అర్థమవుతుందని. అవుట్‌లైన్‌లో అలా లేదు. కాగితాన్ని నమ్మాలా, అప్పుడు తోచినదాన్ని నమ్మాలా అని అరగంట తర్జనభర్జన పడ్డాను. ఇలాంటప్పుడు మీరేం చేస్తారు?

మొదటి జవాబు రాసినవారు

ఆవిడ కాలిక్యులేటర్ సొరుగులో పెట్టిందన్న మాట రెండుసార్లు చదివాను. చాలా సంతోషంగా ఉందండి.

మీ చిక్కుకి నేను చేసేది: తోచిన మార్పు పై వాక్యానికి సాయం చేస్తుందా అని చూస్తాను. చేత్తో టైప్ చేయడం ఆ వాక్యానికి సాయం చేసేదే కాబట్టి అది కుడివైపుకి పోవాల్సిన ఆలోచన కాదు. కానీ రికార్డింగ్ ఆపకుండా, ఆ వరుస పక్కన పెన్సిల్‌తో ఒక గీత గీసి, కాగితం మీద ఉన్నట్టే చివరిదాకా వెళ్తాను. మర్నాడు తాజాగా ఉన్నప్పుడు గీత ఉన్న వరుసలు మాత్రం చూస్తాను. అప్పటికీ మంచిదనిపిస్తే రబ్బరుతో తుడిచి కొత్త వరుస రాసి, ఆ ఒక్క ముక్కే మళ్లీ రికార్డు చేస్తాను. నా కాగితాల మీద గీతల్లో సగం మర్నాటికి అలాగే మిగిలిపోతాయి, మిగతా సగం నిజంగా పాఠాన్ని బాగుచేస్తాయి. మీ డాలర్ గుర్తు రెండో రకమే అనిపిస్తోంది. మూడో పాఠం మొదలుపెట్టేలోపు ఆ ముక్క ఒక్కటి మార్చేయండి.