‘గాస్ప్’ని తెలుగులో ఏమనాలి?

ఒక ఇంగ్లీషు కథ అనువదిస్తూ ఈ మాట దగ్గర రెండ్రోజులుగా ఆగిపోయానండీ. కథలో ఒకావిడ తలుపు తీసేసరికి, చనిపోయాడనుకున్న కొడుకు గుమ్మంలో ఉంటాడు. ఆవిడ ‘గాస్ప్’ (gasp) చేస్తుంది, అంటే ఉలిక్కిపడి ఒక్కసారిగా ఊపిరి లోపలికి పీలుస్తుంది. ‘రొప్పింది’ అంటే పరుగెత్తుకొచ్చినట్టుంది. ‘ఎగశ్వాస’ అంటే ఆవిడే పోయేలా ఉంది! ‘గుండె గుభేలుమంది’ బాగానే ఉంది గానీ, అందులో ఊపిరి లేదు.

నిఘంటువు తిరగేస్తే, దీని మూలం ఒకప్పటి స్కాండినేవియా భాషైన పాత నార్స్‌లోని ‘గేయిస్పా’ అనీ, దానర్థం ఆవులించడం అనీ ఉంది. ఆవులింతకీ ఈ ఉలికిపాటుకీ పొత్తెలా కుదిరింది? నోరు తెరవడమేనా?

మా అమ్మమ్మ ‘హా’ అని ఊపిరి లోపలికి పీల్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. సరిగ్గా అదే నాక్కావాలి. మీవైపు దానికి మాటేదైనా ఉంటే చెప్పండి.