సున్నా కొట్టినా సెల్‌కి ఫోన్ పోవట్లేదు, ఎట్టా?

ప్రశ్న (ఒంగోలు): గ్రానైట్ ఆఫీసులో కొత్తగా చేరానన్నా. చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకి పోయే లారీల పని నాది. నా సెల్ నుంచి చేస్తే డ్రైవర్లందరూ అర్ధరాత్రి కూడా నాకే కొడతారని టేబుల్ మీదున్న ఇంటర్‌కం వాడుతున్నా. గోడ మీద ‘బయటికి 0, తర్వాత నంబర్’ అని కాగితం అంటించారు. ఊళ్లో ల్యాండ్‌లైన్లకి పోతోంది. సెల్ నంబర్ కొడితే మాత్రం ముందు సున్నా చేర్చమని రికార్డు చెబుతోంది. చేర్చే కదా కొడుతున్నా!

జవాబు (నెల్లూరు): ఆ సున్నాని మీ ఇంటర్‌కం డబ్బా మింగేస్తుంది తమ్ముడూ. అది బయటి లైన్ అడగడానికే, ఎక్స్ఛేంజి దాకా పోదు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో సెల్‌కి చేయాలంటే ముందు 0 ఉండాల్సిందే. మీ కాగితం అంతకు ముందుది అయ్యుంటుంది. 0 కొట్టు, డయల్ టోన్ మారేదాకా ఆగు, మళ్లీ 0, ఆపైన పది అంకెలు. తొందరపడితే మొదటి అంకెలు పోతాయి. అన్నట్టు 112కి కూడా చాలా ఆఫీసుల్లో ముందు ఆ 0 కొట్టాలి. ఆపద వచ్చినప్పుడు గుర్తుండదు, కాగితం మీద రాసి పెట్టు.

ప్రశ్న అడిగినవారు: రెండో సున్నా నొక్కగానే గుయ్ గుయ్ మంటోందన్నా. రిసెప్షన్ ఫోన్‌లో మాత్రం పోతోంది.

జవాబు (కావలి): అయితే మీ ఎక్స్‌టెన్షన్‌కి ఎస్‌టీడీ లాక్ ఉంది, అంటే బయటి ఊళ్లకి ఫోన్ పోకుండా ఆపేశారు. అప్పట్లో సున్నాతో మొదలయ్యే నంబర్లన్నీ ఆపేస్తే సరిపోయేది. ఇప్పుడు సెల్ నంబర్లూ సున్నాతోనే పోతాయి కాబట్టి ఇవీ ఆగిపోతున్నాయి. ఇంటర్‌కం మెకానిక్‌ని పిలిపించి 06, 07, 08, 09 తెరవమనండి. 08 తెరిస్తే నెల్లూరు 0861 లాంటి ఎస్‌టీడీ కోడ్‌లు కూడా తెరుచుకుంటాయి, మీ మేనేజర్‌కి ముందే చెప్పండి. తర్వాత మాట పడకుండా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: మెకానిక్ వచ్చి పది నిమిషాల్లో చేసిపోయాడు, థాంక్స్ అన్నా. కొత్త కాగితం మీద నెల్లూరుకి 00861 అని రాశా. మా బ్లాకులు చైనాకి పోతాయి, అందుకే మేనేజర్‌కి 0086 అనే చైనా కోడ్ బాగా తెలుసు. చూసీ చూడగానే, ‘ఇక్కణ్నుంచి చైనాకి ఎవడ్రా ఫోన్ చేసేది?’ అన్నాడు.