కలంకారీ స్టాల్‌లో అందరూ ప్రింటు రేటే అడుగుతున్నారు, ఏం చేయాలి?

కలంగీత: శ్రీకాళహస్తి పద్ధతిలో, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసి, కలంకారీ వేస్తాను. మొన్న హైదరాబాద్‌లో ఒక మేళాలో 3 రోజులు స్టాల్ పెడితే వచ్చినవాళ్లంతా 'పక్కన ఇదే 400 కదండీ' అనేవాళ్లే. అది పెడనలో చెక్క బ్లాకులతో వేసే అద్దకం, నాది చేత్తో గీసింది అని చెప్పి చెప్పి గొంతు పోయింది. అమ్ముడైనవి రెండే, స్టాల్ అద్దె కూడా రాలేదు. రేటు తగ్గించేయనా?

వెదురుకలం: తగ్గించకమ్మా. చెప్పడం మానేసి చేసి చూపించు. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ ముక్క ఒకటి బల్ల మీద పరిచి, బెల్లం, ఇనుప తుప్పు ఊరబెట్టిన నీళ్లలో కలం ముంచి గీత గీస్తే, ముందు లేతగా పడి కళ్లముందే నల్లబడుతుంది చూడు, అక్కడే జనం ఆగిపోతారు. నా దగ్గర ముందు పిల్లలు ఆగేవాళ్లు, వాళ్ల కోసం అమ్మానాన్నలు.

బందరుబాబు: ఒక్క మాటండీ, పెడన బ్లాకుల పనీ చేతిపనే, దాన్ని తీసిపారేయకండి. 400కి ఇస్తున్నారంటే బహుశా మిల్లు ప్రింటే. పెద్ద తెరలతో పాటు 500 లోపు చిన్న ఫ్రేములు కూడా పెట్టండి, అద్దె డబ్బులు వాటితోనే వస్తాయి.

కలంగీత: చిన్నవి వేయాలంటే మనసొప్పదు గానీ, మిగిలిన నెమలి ముక్కలున్నాయి, ఫ్రేము కట్టిస్తా. అన్నట్టు, పాల వాసనొస్తోందని ఒకావిడ చీర వదిలేసి వెళ్లిపోయింది!

వెదురుకలం: మిల్లు ప్రింటుకి ఆ వాసన రాదని చెప్పాల్సింది 😀