ఏడాది పొడుగునా జీపీఎస్ పెట్టుకుని విండ్‌సర్ఫింగ్ చేస్తే ఆట బాగుపడుతుందా, పాడవుతుందా?

పడమటిగాలి:
శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండే మనవాళ్ళని అడుగుతున్నా. పోయినేడాది జనవరి నుంచి డిసెంబర్ దాకా తెరచాప బిగించిన బోర్డుతో నీళ్ళలో దిగిన ప్రతిసారీ చేతికి జీపీఎస్ వాచ్ పెట్టుకున్నా. మొత్తం 58 సెషన్లు, ఎక్కువ కొయోటీ పాయింట్‌లో, కొన్ని షెర్మన్ ఐలాండ్‌లో, నాలుగైదు గోల్డెన్ గేట్ బ్రిడ్జి దగ్గరున్న క్రిస్సీ ఫీల్డ్‌లో. బీచ్‌లో ఒకన్న "నంబర్లు చూడ్డం మొదలెట్టావంటే ఆట పోయినట్టే" అన్నాడు, అప్పట్నుంచీ ఆ మాట బుర్రలో తిరుగుతోంది, ఎందుకంటే నాకు జరిగింది పూర్తిగా ఉల్టా.

నా టాప్ స్పీడ్ 24 నాట్స్, అంటే గంటకి 44 కిమీ, దాని గురించి చెప్పుకోడానికేం లేదు. అసలు సంగతి జైబ్‌లో, అంటే గాలిని వెనక ఉంచుకుని బోర్డుని తిప్పి వచ్చిన వైపుకి మళ్ళడంలో, బయటపడింది. బయట అలల్లో తిరిగే జైబ్ నాకు బాగానే వచ్చనీ, ఒడ్డు దగ్గర తిరిగేదే తేడాగా ఉందనీ ఏళ్ళ తరబడి అనుకుంటున్నా. వాచ్ రికార్డు చేసిన ట్రాక్ తెరిచి చూస్తే ఒడ్డు దగ్గర 18 నాట్స్‌తో వెళ్ళి 11తో బయటికొస్తున్నా, బయట మాత్రం అదే 18 కాస్తా 5కి పడిపోతోంది. నెలల తరబడి ప్రతి సెషన్‌లో అదే. ఇది మనసుకి ఎలా తెలుస్తుంది చెప్పండి?

తెరచాప:
తమ్ముడూ, ఆ అన్న మాటలో నిజం ఉంది. నేనూ రెండేళ్ళు పెట్టుకుని తీసేశా, ఎందుకో చెప్తా. క్రిస్సీలో ఒక సాయంత్రం వాచ్‌లో 38 కిమీ అయింది, 40 చేసి బయటికొద్దాం అనుకున్నా. గాలి తగ్గుతోందని తెలుస్తూనే ఉంది, పొగమంచు బ్రిడ్జి కిందనుంచి లోపలికి వస్తోంది, పోటు తీసి నీళ్ళు సముద్రంలోకి లాగుతున్నాయి, అన్నీ కళ్ళకి కనబడుతున్నాయి, అయినా ఇంకో రెండు రన్నులు అనుకున్నా. గాలి ఆగిపోయింది. 90 లీటర్ల బోర్డు, నించుని సెయిల్ లాగుదామంటే కిందకి దిగిపోతుంది. సెయిల్ విప్పి చుట్టేసి, బోర్డు మీద బోర్లా పడుకుని చేతుల్తో తెడ్డు వేస్తుంటే ఒడ్డు దగ్గరికి రావడం పోయి గోల్డెన్ గేట్ టవర్ దగ్గరికొచ్చేస్తోంది. ఎవరో పడవవాళ్ళు చూసి ఎక్కించుకున్నారు. ఆ రెండు కిలోమీటర్ల కోసం మా ఆవిడ రాత్రి తొమ్మిదింటిదాకా పార్కింగ్‌లో ఏడుస్తూ నించుంది. వాచ్ లేకపోతే నేను ముందే ఒడ్డుకొచ్చేవాణ్ణి, ఇందులో నాకు అనుమానం లేదు.

ఉప్పునీళ్ళు:
అన్నా, చదువుతుంటేనే గుండె ఆగింది, క్షేమంగా వచ్చారు అదే చాలు.

నంబర్ల మాటకొస్తే, అది ఎలా పుడుతోందో చూడకుండా ఇద్దరూ మాట్లాడుతున్నారు. స్పీడ్ రెండు రకాలుగా కట్టొచ్చు. సెకను కిందట ఎక్కడున్నావ్, ఇప్పుడెక్కడున్నావ్ అని దూరాన్ని టైంతో భాగించడం ఒకటి. శాటిలైట్ సిగ్నల్ ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూసి నేరుగా కట్టడం రెండోది, డాప్లర్ అంటారు, ఇదే నమ్మకమైంది. నువ్వు పడ్డప్పుడు చెయ్యి మునిగి సిగ్నల్ పోతుంది, పైకి రాగానే పొజిషన్ ఒక్కసారి గెంతుతుంది, మామూలు యాప్ దాన్ని స్పీడ్ అనుకుని 41 నాట్స్ అని చూపిస్తుంది. ట్రాక్‌ని జీపీఎక్స్ అనే ఫైల్‌గా ఎగుమతి చేస్తే చాలాసార్లు డాప్లర్ స్పీడ్ పోతుంది, అందుకే ఒకే సెషన్‌కి రెండు యాప్‌లు రెండు అంకెలు చెప్తాయి. మాక్స్ చూడొద్దు, 10 సెకన్ల సగటు చూడండి.

ఇంకోటి, జీపీఎస్ చెప్పేది నేల మీద వేగం, నీటి మీద కాదు. మూడు నాట్స్ నీటి ప్రవాహంతో పాటు వెళ్తే మూడు ఊరికే కలుస్తాయి, ఎదురెళ్తే పోతాయి. క్రిస్సీ అంకెని కొయోటీ అంకె పక్కన పెట్టడమే తప్పు. ఆంట్వాన్ అల్బో 2015లో నమీబియాలోని లూడెరిట్జ్‌లో 500 మీటర్ల సగటు 53.27 నాట్స్ కొట్టాడంటే అది అందుకోసమే తవ్విన కాలవ, నున్నటి నీళ్ళు. మన ఎగుడుదిగుడు అలల్లో మన అంకె మనదే.

పడమటిగాలి:
తెరచాప అన్నా, మీరు చెప్పింది కాదనను. కానీ మిమ్మల్ని లోపలికి లాగింది కిలోమీటర్ల లెక్క. నేను దూరం కాలమ్ షీట్‌లోంచి ఇప్పుడే తీసేశా. చూసేది ఆల్ఫా 500 ఒక్కటే, 500 మీటర్ల లోపల ఒక జైబ్ ఉండాలి, మొదలైన చోటికి 50 మీటర్ల లోపల ముగియాలి, దాని సగటు వేగం. జైబ్ బాగా చేస్తేనే అది పెరుగుతుంది, ఎక్కువసేపు నీళ్ళలో ఉంటే పెరగదు. అలసిపోతే తగ్గుతుంది కూడా.

తెరచాప:
అది ఒప్పుకుంటా. అయినా వాచ్ స్లీవ్ కింద పెట్టు, నీళ్ళలో ఉన్నంతసేపూ అంకె కనబడకూడదు, ఇంటికెళ్ళి చూసుకో. ఇంతకీ బయట జైబ్ ఎందుకు చచ్చిపోతోందో దొరికిందా?

పడమటిగాలి:
దొరికింది అన్నా. ఫ్రెండ్ తీసిన వీడియోని ట్రాక్ పక్కన పెట్టి చూశాం. అల మీద బోర్డు ఎగరగానే భయపడి వెనక కాలు బోర్డు మీది స్ట్రాప్‌లోంచి ముందే తీసి మధ్యలో వేసేస్తున్నా, రెయిల్, అంటే బోర్డు అంచు, లేచిపోయి బోర్డు చదునుగా పడి ఆగిపోతోంది. ఒడ్డు దగ్గర ఆ భయం లేదు కాబట్టి కాలు ఆగుతోంది. ఇప్పుడు మోకాళ్ళు వంచి, అల వెనక వైపు దిగేటప్పుడే తిప్పుతున్నా. పోయిన శనివారం 5 కాస్తా 9 అయింది.

తెరచాప:
వచ్చే శనివారం కొయోటీకి వస్తున్నా. వాచ్ తేను, నువ్వు తిరిగేటప్పుడు ఒడ్డునుంచి కాలు చూస్తా.