సంతకం కాకముందే కొనుగోలుదారు తప్పుకుంటే ఖర్చు ఎవరిది?

పర్లాకిమిడిలో మాది చిన్న జీడిపప్పు కార్ఖానా. ‘ఒప్పందం ఖాయం, ప్యాకింగు మా కొలతలకు మార్చండి’ అని జర్మనీ కొనుగోలుదారు రాస్తే కొత్త యంత్రం పెట్టాం. సంతకాల ముందు కారణం చెప్పకుండా తప్పుకున్నారు. లాభం అడగను, యంత్రం ఖర్చు వస్తే చాలు.

జర్మన్ సివిల్ కోడ్ 311వ సెక్షన్ సంప్రదింపుల దశలోనే బాధ్యత మొదలవుతుందంటుంది. ఇంగ్లండులో 1992 నాటి వాల్‌ఫోర్డ్ తీర్పు దీనికి పూర్తిగా ఎదురు. మన 1872 కాంట్రాక్టు చట్టంలో అలాంటి సెక్షనే లేదు. ఉచితంగా కాక చేసిన పనికి పరిహారం ఇప్పించే 70వ సెక్షన్ పనికిరావాలంటే వాళ్లకు లాభం కలిగి ఉండాలి, మా యంత్రంతో వాళ్లకు ఒరిగిందేమిటి!

ఒప్పందం కుదిరితే ఏ చట్టం వర్తించేదో దాన్నే చూడాలని యూరప్ రోమ్-2 నిబంధన (ఒప్పందం బయటి బాధ్యతలకు ఏ దేశ చట్టమో తేల్చేది) 12వ అధికరణం అంటుంది. మా ఒప్పందం ముసాయిదాలో ఏ చట్టమో రాసే గడి ఖాళీ. అప్పుడు అమ్మకందారు దేశమని భారత చట్టమే వర్తిస్తుందా? అలాగైతే జర్మనీలో దావా వేసి ప్రయోజనం ఉందా? బరంపురం వైపు ఎగుమతి కేసులు చూసే వకీలు ఎవరైనా తెలిస్తే చెప్పండి.