నల్లేరు మీద బండి ఎటు పోయింది?

ఈ ఉదయం పత్రికలో మళ్ళీ కనిపించింది: "ఈసారి గెలుపు నల్లేరు మీద నడక కాదు." వెనక పేజీలో క్రికెట్ జట్టు గురించి కూడా అదే మాట. రెండు చోట్లా బండి లేదు.

మన జాతీయం "నల్లేరు మీద బండి నడక". అడ్డూ ఆపూ లేకుండా పని సాగిపోవడం అని అర్థం. అందులో నడక బండిది, మనిషిది కాదు. బండి నడిచింది, మగ్గం నడిచింది, బడి నడిచింది అంటాం కదా, ఆ నడక. శీర్షికలో చోటు చాలక ఎప్పుడో ఎవరో బండిని తప్పించి ఉంటారు. చదివేవారికి ఇక మిగిలింది రెండు కాళ్ళ నడకే. విజయవాడలో నేను తెలుగు చెప్పే తరగతిలో అర్థం అడిగితే "మెత్తటి తీగ మీద హాయిగా నడవడం" అన్నారు పిల్లలు. వాళ్ళలో నల్లేరును చూసినవారు ఒక్కరూ లేరు. చూసి ఉంటే ఆ అర్థం చెప్పేవారు కాదని నా నమ్మకం. అందుకే ముందు మొక్క సంగతి చెప్తాను.

గుంటూరు దాటి నరసరావుపేట వైపు మెట్ట పొలాల డొంకల్లో, కంచెల మీద, రాతి గుట్టల అంచుల్లో నల్లేరు అల్లుకుని ఉంటుంది. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. కాడ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. ప్రతి కణుపు దగ్గరా నొక్కినట్టు సన్నబడి, మళ్ళీ వెడల్పవుతుంది. లేత కణుపుకు ఒక ఆకు, ఆకుకు ఎదురుగా ఒక నులితీగ. ముదిరిన కాడకు ఆకులు రాలిపోతాయి. అప్పుడు ఆకు చేయాల్సిన పని పచ్చటి కాడే చేసుకుంటుంది, అందుకే ఎండలకు చావదు. పూలు మరీ చిన్నవి, నాలుగు రేకులతో గుత్తులుగా పూస్తాయి. దగ్గరికి వెళ్ళి వంగి చూస్తే తప్ప పూసినట్టే తెలియదు. కాయ బఠాణీ గింజంత, పండితే ఎర్రబడుతుంది. ఇది ద్రాక్ష కుటుంబపు మొక్క. ఆ నులితీగను చూస్తే ద్రాక్షతో చుట్టరికం ఇట్టే తెలుస్తుంది. 1767లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి సిస్సస్ క్వాడ్రాంగ్యులారిస్ (క్వాడ్రాంగ్యులారిస్ అంటే నాలుగు పలకలది) అని పేరు పెట్టినప్పుడు ఆయన కంటికి ఆనినవి కూడా ఆ నాలుగు పలకలే.

ఇప్పుడు బండి దగ్గరకు వద్దాం. నల్లేరు కాడలో చేవ ఉండదు. కొంచెం నార, మిగతాదంతా నీరూ జిగురూ. ముల్లు లేదు. ఇనుప పట్టా వేసిన చక్రం ఎక్కితే చితికి పరుచుకుపోతుంది. ఎడ్ల గిట్టలకు గుచ్చుకునేదీ లేదు, ఇరుసు ఎగిరిపడేదీ లేదు. అదే రాయి మీదో తుమ్మ మొద్దు మీదో చక్రం ఎక్కితే బండిలో కూర్చున్నవారికి నడుము పట్టుకుంటుంది. డొంకలో కంచె మీదనుంచి దారిలోకి జారిన నల్లేరును తొక్కుకుంటూ బండ్లు పోవడం రోజూ చూసినవారే ఈ జాతీయాన్ని పుట్టించి ఉంటారు.

మరి మనిషి నడిస్తే? నల్లేరు రసంలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లా ఉంటుంది. కంద, చేమ దుంపలు దురద పెట్టేది కూడా ఈ సూదులవల్లే. పచ్చి నల్లేరును ఒట్టి చేత్తో విరిచినవారికి ఆ దురద తెలుసు. చెప్పుల్లేని కాళ్ళతో దాన్ని చితకతొక్కుతూ పోయేవాడికి హాయి ఎక్కడిది? బండి ఉంటే సుఖం, బండి తీసేస్తే దురద. ఒక్క మాట పోవడంతో జాతీయం తలకిందులైంది.

ఇది చదివి మన బృందం సభ్యులు రాసినవి, నా జవాబులు ఇవి.

తెనాలి నుంచి ఒక సభ్యుడు: మాస్టారూ, ఇది మొక్క కాదు, "నల్ల ఏరు" అని మా ఊళ్ళో ఒక పెద్దాయన చెప్పేవారు. సంధి కూడా కుదురుతుంది కదా?

నా జవాబు: సంధి కుదిరినంత మాత్రాన అర్థం కుదరదండీ. ఎండిన ఏటి ఇసుకలోకి బండి దిగితే ఎడ్లు నురగలు కక్కుతాయి. నీళ్ళున్న ఏటిలో దిగితే మరీ కష్టం. సులువైన పనికి ఆ ఉపమానం ఎవరు తెస్తారు? నల్లేరు అనే పేరు ఇప్పటికీ పల్లెల్లో ఆ తీగకే వాడుకలో ఉండగా, లేని ఏటిని వెతకనక్కర్లేదు.

గుంటూరు నుంచి ఒక సభ్యురాలు: దురద సంగతి నూటికి నూరు పాళ్ళు నిజమండీ. మా అమ్మమ్మ నల్లేరు పచ్చడి చేసే రోజున మమ్మల్ని కాడలు ముట్టుకోనిచ్చేది కాదు. తాను చేతులకు నువ్వుల నూనె పట్టించుకుని కూర్చునేది. కణుపులు, పలకల అంచుల్లోని నార తీసేసి, లేత కాడను ముక్కలు కోసేది. ముదురు కాడ అసలు తీసుకోదు. ఆ ముక్కలు నూనెలో పచ్చిదనం పూర్తిగా పోయేదాకా వేగాలి. మినప్పప్పు, ఎండుమిర్చి, జీలకర్ర వేయించి, చింతపండు కాస్త ఎక్కువే పెట్టి రోట్లో నూరేది. పులుపు తగ్గితే గొంతు పట్టుకుంటుందని ఆమె మాట. ఆకలి మందగించినవారికి, కీళ్ళు పట్టేసినవారికి, బాలింతకు నడుము నిలబడడానికి అని చెప్పి పెట్టేది. పిల్లలు చెట్టెక్కి పడి చెయ్యి బెణికితే కాడ దంచి, వెచ్చచేసి, గుడ్డలో కట్టు కట్టేది. ఇప్పుడు మా వీధిలో నల్లేరు అడిగితే కుండీలో అలంకారానికి పెంచే ఇంటివాళ్ళు దొరికారు. దాని పేరు వాళ్ళకు తెలియదు!

నా జవాబు: అమ్మా, మీరు రాసింది చదివాక జాతీయానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. తినడానికే చేతులకు నూనె పట్టించుకోవలసిన తీగ మీద కాళ్ళతో నడవమంటున్నాం మనం. ఆ కుండీవాళ్ళకు దయచేసి పేరు చెప్పండి.

విజయవాడ నుంచి ఒక ఆయుర్వేద వైద్యుడు: సంస్కృతంలో దీని పేరు చూడండి: అస్థిసంహారకం. నా దగ్గరకు వచ్చే చదువుకున్న రోగులు కూడా ఈ పేరు విని "ఎముకలను సంహరించేదా?" అని భయపడతారు. ఇక్కడ సంహారం అంటే చంపడం కాదు, ఒకచోటికి చేర్చడం. ఉపసంహారంలో ఉన్నది ఈ సంహారమే. వేణీసంహారం అంటే విడిపోయిన జడను ముడివేయడం. అలాగే విరిగిన ఎముకను కూర్చేది అస్థిసంహారకం. హిందీలో హడ్‌జోడ్ అన్నా అదే అర్థం. వజ్రవల్లి, అస్థిశృంఖల అనే పేర్లు కూడా ఉన్నాయి. శృంఖల అంటే గొలుసు, ఆ కణుపులు చూసి పెట్టిన పేరు. మలయాళంలో చంగలంపరండ అనడంలోనూ గొలుసే ఉంది.

వాడుక సంగతి. ఎముక విరిగినవారికి మేమిచ్చే లాక్షా గుగ్గులులో లక్క, గుగ్గిలం, తెల్లమద్ది, అశ్వగంధలతోపాటు ఇదీ ఉంటుంది. 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కె.ఎన్. ఉడుప బృందం విరిగిన ఎముకల మీద దీని ప్రభావాన్ని జంతువులలో పరీక్షించింది. ఎముక అతుకు త్వరగా గట్టిపడిందని వారి ఫలితం. అంతమాత్రాన ఎముక విరగ్గానే తీగ కట్టుకుని ఇంట్లో కూర్చోకండి. ముందు ఎక్స్‌రే, ఎముకను సరిచేసి కట్టు వేయించడం. వంకరగా అతుక్కున్న ఎముకను ఏ పసరూ సరిచేయలేదు. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు ఆక్సలేట్ కారణంగా, గర్భిణులు ముందుజాగ్రత్తగా, వైద్యుణ్ణి అడగకుండా ఈ పచ్చడి జోలికి పోవద్దు.

ఒక సభ్యుడు: నల్లేరు, పల్లేరు ఒకటేనా?

నా జవాబు: కాదు. పల్లేరు నేలమీద పాకే మొక్క, పసుపు పూలు, కాయ నిండా ముళ్ళు. గోక్షురం అని మూత్ర సమస్యలకు వాడేది అది. దానిమీద నడక ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

నరసరావుపేట దగ్గరి ఒక రైతు: అన్నగారూ, ఒక్క మాట. మాది నల్లరేగడి. వానాకాలం డొంకలో బండి దిగబడితే ఇరుసు దాకా పోతుంది. నల్లేరు అట్లాంటి చోట బతకదు, వేరు కుళ్ళిపోతుంది. గరప నేలలో, గట్టు మీద, నీరు నిలవని చోటే అల్లుకుంటుంది. నల్లేరు కనిపించిందంటే కింద నేల గట్టిదని మా నాన్న అనేవాడు. ఆ నేల మీద బండి దిగబడదు కాబట్టి ఆ మాట వచ్చిందేమో.

నా జవాబు: తమ్ముడూ, ఈ చర్చలో నాకు బాగా నచ్చిన మాట ఇది. నేను కాడ మెత్తదనం చూశాను, మీరు కాడ కింది నేలను చూశారు. రెండూ కలిస్తేనే బండికి సుఖం: కింద దిగబడని నేల, పైన చక్రానికి ఎదురు తిరగని తీగ. ఏది ముందో తేల్చాలంటే నేను ఇప్పటికీ తీగ వైపే మొగ్గుతాను. నేలే కారణమైతే "గట్టు మీద బండి" అన్నా సరిపోయేది, తీగ పేరు ఎత్తనక్కర్లేదు. కానీ చూడండి, ఎటు చూసినా బండి లేకుండా కుదరదు. నేల గట్టిదనం చక్రానికి అవసరం, మన పాదానికి కాదు.

ఒక పాత్రికేయ మిత్రుడు: అంతా ఒప్పుకుంటాను గానీ మాస్టారూ, "నల్లేరుపై నడక" ఇప్పటికే స్థిరపడింది. చదివేవాడికి అర్థమవుతోంది. వాడుకే ప్రమాణం అని మీరే అంటారు కదా?

నా జవాబు: అంటాను, ఇప్పుడూ అంటాను. వాడుకలో అరిగి అందంగా మారిన మాటలు ఎన్నో ఉన్నాయి, వాటితో నాకు పేచీ లేదు. ఇక్కడ అరిగినది మాట కాదు, మాట వెనక ఉన్న చూపు. పల్లెలో తీగను, బండిని, నేలను కలిపి ఒక్కసారిగా చూసిన కన్ను అందులో ఉంది. బండి పోతే ఆ కన్ను పోతుంది. మన పిల్లలు దాని బదులు మెత్తటి తివాచీని ఊహించుకుంటున్నారు.

అదే మిత్రుడు: సరే, ఒంటి కాలమ్ శీర్షికలో నాలుగు మాటలు పట్టవు. ఏం చేయమంటారు?

నా జవాబు: తప్పించదలచుకుంటే నడకను తప్పించండి. "నల్లేరుపై బండి" అని రాయండి. మీ లెక్కలో ఒక అక్షరం కలిసొస్తుంది కూడా.